కొబ్బరికి డ్రిప్పులో ఎరువు: సగం మోతాదు ఎప్పుడు సరిపోతుంది?

(కొబ్బరి రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

డ్రిప్పు ద్వారా ఎరువు పెడితే సగం ఎరువు చాలు అనే మాట మీ అందరి చెవినా పడే ఉంటుంది. ఆ మాట ఊరికే పుట్టలేదు. కాసరగోడ్‌లోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ ప్రయోగాల్లో, సిఫారసు చేసిన ఎరువులో సగాన్ని డ్రిప్పులో విడతలుగా ఇచ్చినా, మొత్తం ఎరువును పాదులో వేసినప్పుడు వచ్చినంత దిగుబడి వచ్చింది. కాబట్టి మాట నిజమే. కాకపోతే అక్కడ డ్రిప్పర్లన్నీ సమానంగా కారాయి, నీళ్లు కొలత ప్రకారం పడ్డాయి. ఆ రెండూ మన తోటలో ఉన్నాయో లేదో చూడకుండా ఎరువు మాత్రం సగం చేస్తే చెట్టు పస్తుంటుంది. అందుకే ఎరువు కంటే ముందు నీళ్ల గురించి ఎక్కువసేపు మాట్లాడతాను.

అసలు ఈ పద్ధతి కొబ్బరికి ఎందుకు నప్పుతుందో రెండు మాటల్లో చెబుతాను. కాపుకొచ్చిన కొబ్బరి ఏడాదికి సుమారు 12 నుంచి 14 మట్టలు వేస్తుంది. మట్ట పంగలో గెల. అంటే నెలకో గెల లెక్కన ఏడాది పొడవునా కాస్తూనే ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎరువేస్తే వేసిన నెల విందు, మిగతా నెలలు ఉపవాసం. పైగా ఒకేసారి పడిన యూరియాలో కొంత గాల్లో కలుస్తుంది, కొంత వేళ్లు దాటి కిందికి దిగిపోతుంది. అదే ఎరువును చిన్న చిన్న విడతలుగా, తడి ఉన్న చోటికే, వేళ్ల దగ్గరికే పంపితే ఆ నష్టం తగ్గుతుంది. మనకు ఆదా అయ్యేది ఆ నష్టమే. చెట్టు ఆకలి మాత్రం సగం కాదు. ఇది గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఇక నీళ్లు. కాపు చెట్టుకు ఎండ రోజుల్లో రోజుకు 30 నుంచి 35 లీటర్లు అనుకుందాం. మామూలు నేలల్లో చెట్టుకు 4 డ్రిప్పర్లు, ఇసుక నేలల్లో 6. మానుకు మీటరు దూరంలో, చుట్టూ సమానంగా. మొదలు దగ్గర పెట్టకండి, తినే వేళ్లు అక్కడ ఉండవు. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మానుకు 2 మీటర్ల లోపే, అడుగు లోతు నుంచి నాలుగడుగుల దాకా ఉంటాయి. వీలున్నవాళ్లు డ్రిప్పర్ పడే చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీసి కొబ్బరి పొట్టుతో నింపండి. అందులో 40 సెంటీమీటర్ల పీవీసీ ముక్కను ఏటవాలుగా పెట్టి, డ్రిప్పు గొట్టం దానిలోకి దించితే నీరు అడుగు లోతున పడుతుంది. పైన ఆవిరి కాదు, కలుపు పెరగదు. అయితే నేలలో దాగిన డ్రిప్పర్ మూసుకుపోతే కంటికి కనబడదు. కాబట్టి గొట్టాన్ని పైకి లాగి చూసుకునే వీలు ఉంచుకోవాలి.

చిన్న మొక్కలకు దూరం మారుతుంది. మొదటి ఏడాది అడుగు దూరంలో 1 లేదా 2 డ్రిప్పర్లు చాలు. మొక్క పెరిగేకొద్దీ బయటికి జరుపుతూ మీటరుకు చేర్చాలి. నాలుగేళ్ల చెట్టుకు కూడా మొదట్లో పెట్టిన చోటే డ్రిప్పర్ ఉంటే, వేళ్లు ఒకచోట, ఎరువు ఇంకోచోట అవుతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. దీనికి కావలసింది ఒక గిన్నె, ఒక కొలగ్లాసు, ఒక గడియారం. మోటారు వేసి పదిహేను నిమిషాలు ఆగండి. చెట్ల వరస వెంట పోయే సన్న డ్రిప్పు గొట్టాన్నే లేటరల్ అంటాం. మొదటి లేటరల్‌లో మొదటి చెట్టు, చివరి చెట్టు, మధ్య లేటరల్‌లో రెండు, చివరి లేటరల్‌లో రెండు చెట్ల దగ్గర డ్రిప్పర్ కింద సరిగ్గా ఒక్క నిమిషం గిన్నె పెట్టండి. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్ అయితే నిమిషానికి 133 మిల్లీలీటర్లు రావాలి. 4 లీటర్లదైతే 67. మొదటి చెట్టుకూ చివరి చెట్టుకూ తేడా పదో వంతు లోపు ఉంటే మీ తోట సగం మోతాదుకు సిద్ధం. మొదటి చెట్టు దగ్గర 140, చివరి చెట్టు దగ్గర 90 వచ్చిందనుకోండి, చివరి చెట్టుకు మొదటి చెట్టుకు అందే ఎరువులో మూడింట రెండు వంతులు కూడా అందడం లేదు. ఇప్పటికే సగం చేసిన ఎరువులో అది. ఎరువు నీళ్లను వెంబడించేదే తప్ప తనంతట తాను ఎక్కడికీ వెళ్లలేదు. తేడా ఎక్కువుంటే ముందు లేటరల్ పొడవు, వాలు, పైపు సైజు, ఫిల్టరు చూడండి. వాలు నేలైతే ఒత్తిడి మారినా ఒకేలా కారే డ్రిప్పర్లు పెట్టుకోండి.

సరే, ఎరువుల లెక్క. కాపు చెట్టుకు ఏడాదికి సిఫారసు 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్. ఇందులో పొటాష్ ఎంతుందో చూడండి. కాయ, డొక్క కలిసి అన్నిటికంటే ఎక్కువ తీసుకుపోయేది పొటాషే. యూరియా చల్లి ఆకు నల్లగా నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోయి, పొటాష్ ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. ఆకు బాగుంటుంది, కాయ సన్నగిల్లుతుంది.

సగం అంటే నత్రజని 250 గ్రాములు. యూరియాలో 46 శాతం ఉంటుంది కాబట్టి సుమారు 545 గ్రాముల యూరియా. పొటాష్ 600 గ్రాములు అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కిలో. భాస్వరం 160 గ్రాములు అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కిలో. లేత మొక్కలకు ఈ లెక్కలో మొదటి ఏడాది పదో వంతు, రెండో ఏడాది మూడో వంతు, మూడో ఏడాది మూడింట రెండు వంతులు, నాలుగో ఏడాది నుంచి పూర్తిగా.

సూపర్ ఫాస్ఫేట్‌ను డ్రిప్పులో పంపకండి. అది సగం జిప్సమే, కరగదు. పాదులోనే వేసేయండి. భాస్వరం నేలలో నెమ్మదిగా కదులుతుంది, ఏడాదికి ఒకసారి వేసినా నష్టం లేదు. నేల పరీక్షలో భాస్వరం ఎక్కువుందని వస్తే కొన్నేళ్లు మానేయవచ్చు కూడా. చాలా పాత తోటల్లో అదే పరిస్థితి. డ్రిప్పులోనే ఇవ్వాలనుకుంటే 12-61-0 వాడండి, అంటే 12 శాతం నత్రజని, 61 శాతం భాస్వరం ఉన్న నీటిలో కరిగే ఎరువు. 160 గ్రాముల భాస్వరానికి అది 262 గ్రాములు కావాలి. దాంతోపాటు 31 గ్రాముల నత్రజని కూడా వస్తుంది కనుక, యూరియాలో 68 గ్రాములు తగ్గించుకోండి. ఈ తగ్గింపు చాలామంది మర్చిపోతారు.

పొటాష్ విషయంలో తెల్లది తీసుకోండి. ఎర్ర పొటాష్‌లో ఆ రంగు ఇనుము తాలూకు మట్టి. కరిగాక అడుగున బురదలా దిగుతుంది, ఫిల్టరును మూసేస్తుంది. చవకని అదే కొంటే రాత్రంతా నానబెట్టి, పైన తేరిన నీటినే గుడ్డలో వడకట్టి వాడాలి. ఇంకో అపోహ ఉంది. మ్యూరేట్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంది, చెట్టుకు చెడు, సల్ఫేట్ పొటాష్ కొనమని సలహా ఇస్తుంటారు. వేరే పంటల్లో నిజం కావచ్చు. కొబ్బరికి మాత్రం క్లోరిన్ అవసరమైన పోషకం, అది తక్కువైతేనే ఇబ్బంది. ఎక్కువ డబ్బు పోసి సల్ఫేట్ కొననక్కర్లేదు. పైగా అది లీటరుకు 100 గ్రాములకు మించి కరగడం కష్టం. మ్యూరేట్ 300 గ్రాముల దాకా కరుగుతుంది.

ఇప్పుడు ఒక ఎకరం లెక్క చేద్దాం, రాసుకునేవాళ్లు రాసుకోండి. 8 మీటర్ల దూరంలో నాటితే ఎకరాకు సుమారు 64 చెట్లు. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు చెట్టుకు 4. అంటే చెట్టుకు గంటకు 32, తోట మొత్తానికి 2048 లీటర్లు. వానలు పోగా ఏడాదిలో 40 వారాలు ఎరువు పంపగలమనుకుంటే, వారానికి చెట్టుకు యూరియా 13.6 గ్రాములు, మ్యూరేట్ పొటాష్ 25 గ్రాములు. ఎకరాకు యూరియా 870 గ్రాములు, పొటాష్ కిలో ఆరు వందలు. అంతే. ఇంత తక్కువా అని కొందరికి చెయ్యి ఆగదు, ఇంకో రెండు దోసిళ్లు పోస్తారు. ఆగండి, తూకం వేయండి.

వారానికి బదులు పక్షానికోసారి పంపితే రెట్టింపు పోయాలి. పంపగూడదని కాదు. కానీ అరగంటలో తోటకు పారేది 1024 లీటర్లు. వారపు మోతాదు రెండున్నర కిలోలు అందులో కలిస్తే లీటరుకు 2.4 గ్రాములు. పక్షం మోతాదు కలిస్తే దాదాపు 5 గ్రాములు. బావి నీళ్లే ఉప్పగా ఉన్నచోట, లేత మొక్కలున్నచోట ఆ గాఢత ఎక్కువ. ఓపిక ఉంటే వారం, లేకపోతే పక్షం పెట్టుకుని ఎరువు పారే సమయాన్ని గంటకు పెంచండి. ఆ రోజు నీళ్లు రెట్టింపవుతాయి కాబట్టి మర్నాటి తడి మానేయండి. నెలకోసారికి మాత్రం వెళ్లకండి, అప్పుడు డ్రిప్పు పెట్టిన లాభం పోతుంది.

కలిపే పద్ధతి. ప్లాస్టిక్ డ్రమ్ము వాడండి, ఇనుప డ్రమ్మును క్లోరైడ్ తినేస్తుంది. ముందు నీళ్లు, తర్వాత పొటాష్, అది పూర్తిగా కరిగాక యూరియా. ఈ వరస ఎందుకంటే, యూరియా కరిగేటప్పుడు నీరు చల్లబడిపోతుంది, బకెట్ ముట్టుకుంటే తెలుస్తుంది. చల్లని నీటిలో పొటాష్ మొరాయిస్తుంది. పైన చెప్పిన వారపు మోతాదుకు 20 లీటర్ల నీళ్లు తీసుకోండి, ధారాళంగా సరిపోతుంది. కొత్త ఎరువు ఏదైనా మొదటిసారి వాడేముందు మీ బావి నీళ్లతోనే ఒక గాజు సీసాలో అదే పాళ్లలో కలిపి మర్నాటి దాకా ఉంచండి. పాలలా తెల్లబడినా, అడుగున మడ్డి పడినా అది డ్రిప్పర్‌లోనూ పడుతుంది. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువులతోగానీ, సల్ఫేట్ ఎరువులతోగానీ ఒకే డ్రమ్ములో కలపకండి. గట్టి నీళ్లున్న బావిలో అసలే సున్నం ఉంటుంది. అక్కడ భాస్వరం పంపేముందు ఈ సీసా పరీక్ష తప్పనిసరి.

వెంచురీ, అంటే పారే నీటి వేగంతో డ్రమ్ములోని ఎరువును లైనులోకి పీల్చే పరికరం, దాని గురించి ఎక్కువమందికి చిక్కు. వెంచురీ బైపాస్‌లో ఉంటుంది, మెయిన్ లైను మీద గేటు వాల్వు ఉంటుంది. ఆ వాల్వు పూర్తిగా తెరిచి ఉంటే నీరంతా సూటిగా పోతుంది, వెంచురీ పీల్చదు. బాగా బిగిస్తే పీలుస్తుంది, కానీ డ్రిప్పర్ల దగ్గర ఒత్తిడి పడిపోయి చివరి చెట్లు ఎండుతాయి. వాల్వును కొద్దికొద్దిగా బిగిస్తూ డ్రమ్ములో మట్టం చూడండి. మన లెక్కలో 20 లీటర్లు అరగంటలో అయిపోవాలి. అదే సరైన చోటు. ఆ చోట వాల్వు మీద రంగుతో గీత గీసుకోండి. వెంచురీ లోపలికి వచ్చే ఒత్తిడిలో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి తానే తినేస్తుంది. కాబట్టి తోటలో కొలత పరీక్షను వెంచురీ నడుస్తుండగా కూడా ఒకసారి చేయండి. మోటారు బలం అంతంతమాత్రంగా ఉన్నచోట వెంచురీ కంటే చిన్న ఇంజెక్షన్ పంపు మేలు. పీల్చే గొట్టం చివర జల్లెడ డ్రమ్ము అడుగుకు రెండంగుళాల పైన ఉండాలి. డ్రమ్ము ఖాళీ కాకముందే దాని వాల్వు కట్టేయాలి, లేదంటే లైనులోకి గాలి వెళ్తుంది.

వెంచురీకి బదులు ఎరువుల ట్యాంకు (లోపలినుంచి లైను నీళ్లు పారే మూసిన ట్యాంకు) వాడేవాళ్లకు ఒక మాట. ట్యాంకులోంచి మొదట చిక్కగా, పోనుపోను పలచగా పోతుంది. ట్యాంకు సైజుకు నాలుగు రెట్ల నీళ్లు దానిలోంచి పారితేగానీ ఎరువు దాదాపుగా పూర్తికాదు. ఒకే ట్యాంకుతో ఒకదాని తర్వాత ఒకటి రెండు బ్లాకులకు వాల్వు తిప్పితే మొదటి బ్లాకు తిని, రెండో బ్లాకు చూస్తూ ఉంటుంది. ఏ బ్లాకు ఎరువు ఆ బ్లాకుకు విడిగా పోయండి.

ఎరువు ఎక్కే చోటు ఎప్పుడూ ఇసుక ఫిల్టరు తర్వాత, జల్లెడ లేదా డిస్క్ ఫిల్టరుకు ముందు. కరగని పలుకు ఏదైనా ఉంటే అక్కడే ఆగుతుంది. ఫిల్టరుకు ముందూ వెనుకా ఒత్తిడి మీటర్లలో తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కిలో దాటితే కడగాలి. ఎరువు ఎక్కే చోటుకు ముందు, బావి వైపు, వెనక్కి రానీయని వాల్వు ఉండి తీరాలి. కరెంటు పోయినప్పుడు లైనులో నీళ్లు వెనక్కి జారి ఎరువుతో సహా బోరులోకి దిగిపోతాయి. ఆ బోరు నీళ్లే తాగేవాళ్లుంటారు. ఈ వాల్వు లేకుండా ఎరువు పంపకండి, ఇందులో మినహాయింపు లేదు.

ఇప్పుడు సమయం. తడి పెట్టే మొత్తం సమయాన్ని నాలుగు పాళ్లు చేయండి. మొదటి పాలు ఉత్త నీళ్లు, లైను నిండి ఒత్తిడి కుదురుకోవడానికి. మధ్య రెండు పాళ్లు ఎరువు. చివరి పాలు మళ్లీ ఉత్త నీళ్లు. గంట తడి అయితే పావుగంట, అరగంట, పావుగంట. చివరి కడుగుడు ఎందుకంటే, లైనులో ముందుకు పోయేకొద్దీ నీరు మెల్లగా కదులుతుంది. మొదటి చెట్టు దగ్గర లేటరల్‌లో ఎనిమిది చెట్ల నీరు పరిగెడుతుంటే, చివరి చెట్టు దగ్గర ఒక్క చెట్టు నీరే పాకుతుంటుంది. మీరు డ్రమ్ము వాల్వు కట్టిన క్షణానికి చివరి చెట్టుకు రావలసిన ఎరువు ఇంకా దారిలోనే ఉంటుంది. అప్పుడే మోటారు ఆపితే అది పైపులోనే నిలిచి, నాచుకు మేత అవుతుంది. పెద్ద తోటల్లో పావుగంట చాలకపోవచ్చు. చివరి డ్రిప్పర్ దగ్గర ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను చూపేది) పెట్టి, ఎరువు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది చూసుకోండి. అయితే ఈసీ మీటరు పొటాష్‌ను చూస్తుంది, యూరియాను చూడదు. ఒక్క యూరియా పంపి మీటరు కదల్లేదని కంగారుపడకండి.

రెండో వైపు పొరపాటు కూడా ఉంది. చెట్టుకు మేలని ఎరువు తర్వాత మూడు నాలుగు గంటలు నీళ్లు వదిలేస్తారు. యూరియా నేలలో మారకముందు నీటితోపాటే జారిపోతుంది. ఇసుక నేలైతే మీ యూరియా మర్నాటికే వేళ్ల కిందికి పోతుంది. ఎరువు పెట్టిన మర్నాడు డ్రిప్పర్ పక్కన గడ్డపారతో తవ్వి చూడండి. తడి నాలుగడుగులు దాటి కిందికి పోతుంటే సమయం ఎక్కువైనట్టు. రెండడుగులకే ఆగితే తక్కువైనట్టు. ఇసుక నేలలో రోజూ రెండు చిన్న తడులు, నల్లరేగడిలో రోజు విడిచి రోజు పెద్ద తడి నప్పుతాయి.

మూసుకుపోయిన డ్రిప్పర్ల సంగతి. మూత పడింది దేనివల్లో ముందు తెలుసుకోండి. డ్రిప్పర్ విప్పితే తెల్లగా గరుకుగా ఉంటే సున్నం, దానికి ఆమ్లం. పచ్చగా, జిగటగా ఉంటే నాచు, బాక్టీరియా. దానికి క్లోరిన్. ఎర్రటి జిగురైతే బావిలో ఇనుముంది. ఆమ్లానికి ముందు ఒక బకెట్ నీళ్లలో చుక్కచుక్కగా కలుపుతూ పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4కు రావడానికి ఎంత పట్టిందో చూసి, ఆ లెక్కన లైనుకు పంపండి. రాత్రంతా లైనులో ఉంచి, పొద్దున చివరి మూతలు తీసి కడగండి. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్ పౌడరు వాడితే నానబెట్టి పైన తేటనే తీసుకోండి, అడుగున ఉండేది మళ్లీ సున్నమే. ఆమ్లం, బ్లీచింగ్ ఒకే రోజు వద్దు, కలిస్తే విషవాయువు వస్తుంది. యూరియా పంపే రోజు కూడా క్లోరిన్ వద్దు. యూరియాతో కలిస్తే క్లోరిన్ పని చెడుతుంది. ఇదంతా రాకుండా ఉండాలంటే పక్షానికోసారి లేటరల్ చివరి మూతలు తీసి, మురికి పోయి తేటనీరు వచ్చేదాకా వదలండి.

అడుగుతున్నారు, జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) డ్రిప్పులో పంపవచ్చా అని. బాగా వడకట్టగలిగితే పోతుంది. కానీ వడకట్టినా సన్నని పీచు మిగిలి, తీపి ఉన్నచోట జిగురు పెరుగుతుంది. నన్నడిగితే పాదులోనే పోయమంటాను. డ్రిప్పు లైను పాడైతే వచ్చే నష్టం ఆ శ్రమ కంటే ఎక్కువ.

కింది మట్టలు పసుపుబారుతున్నాయని మరొకరి ప్రశ్న. ఎండ తగిలే భాగం పసుపై, నీడలో ఉన్న భాగం ఆకుపచ్చగా ఉంటే అది మెగ్నీషియం లోపం. పొటాష్ బాగా పెంచినచోట ఇది బయటపడుతుంది, ఎందుకంటే ఒకటి ఎక్కువైతే చెట్టు రెండోదాన్ని తీసుకోవడం తగ్గిస్తుంది. చెట్టుకు ఏడాదికి అర కిలో మెగ్నీషియం సల్ఫేట్. అది బాగా కరుగుతుంది, డ్రిప్పులో పంపవచ్చు. భాస్వరంతోనూ కాల్షియంతోనూ కలపకుండా వేరే రోజు పెట్టుకోండి. మొవ్వులో ఆకులు విడిపోకుండా అతుక్కుని వస్తుంటే బోరాన్. బోరాక్స్ 50 గ్రాములు పాదులో వేయండి. అది చల్లని నీటిలో సరిగా కరగదు, మోతాదు కాస్త మించినా చెట్టుకు హాని, కాబట్టి లైనులో అంచనాగా పోయకండి.

యూరియా ఏళ్ల తరబడి ఒకేచోట పడితే డ్రిప్పర్ కింద నేల పులుస్తుంది. నేల పరీక్షకు మట్టి తీసేటప్పుడు రెండు చెట్ల మధ్య కాకుండా డ్రిప్పర్ పక్కన తీయండి. పీహెచ్ తగ్గితే చెట్టుకు కిలో డోలమైట్ ఏడాదికోసారి పాదులో. ఆకు పరీక్షకైతే మొవ్వు నుంచి లెక్కించి 14వ మట్ట.

అరటి, కోకో అంతర పంటగా ఉన్నవాళ్లు ఒకే లైనుతో రెండింటికీ ఎరువు పంపకండి. అరటికి కావలసిన లెక్క వేరు, ఆగే నెలలూ వేరు. వేరే సబ్‌మెయిన్ (లేటరల్ గొట్టాలకు నీళ్లిచ్చే పైపు) వేసి వాల్వు పెట్టుకోండి. వీలుకాకపోతే డ్రిప్పులో కొబ్బరి ఎరువు పంపి, అరటికి చేత్తో వేయండి.

ఎప్పటికి ఫలితం కనబడుతుందన్న ప్రశ్నకు సూటిగా చెబుతాను. ఆకు రంగు కొద్ది నెలల్లో తేలుతుంది. పిందె రాలడం తగ్గడం ఆ తర్వాత. కాయల సంఖ్యకు మాత్రం తొందరపడకండి. ఈ రోజు విచ్చుకున్న పొత్తి మొవ్వు లోపల రెండున్నరేళ్ల క్రితమే మొదలైంది, అందులోని కాయ దింపడానికి ఇంకో ఏడాది పడుతుంది. కాబట్టి మొదటి ఏడాది కాయలు పెరగలేదని పద్ధతి మార్చకండి. అలాగే సగం మోతాదు పెట్టిన మొదటి ఏడాది కాయలు తగ్గలేదని నిశ్చింతగా ఉండకండి, పాత నిల్వలు నడిపిస్తుంటాయి. ఆకలితో ఉన్న తోట అయితే మొదటి రెండేళ్లు ముప్పావు మోతాదుతో మొదలుపెట్టి, ఆకు పరీక్ష చూసి తగ్గించుకోవడం నయం.

చివరగా వానల సంగతి. పెద్ద వానల్లో ఎరువు ఆపేయండి. కానీ ఎండాకాలం చివర్లో పడే తొలి చిరుజల్లు వేరు. డ్రిప్పు తడి అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. చిన్న వాన దాన్ని కరిగించి లోపలికి, వేళ్ల మీదికి నెడుతుంది. ఆ జల్లు పడుతున్నప్పుడు మోటారు ఆపకుండా ఉత్త నీళ్లు వదలండి, ఉప్పు బయటే ఉంటుంది. వాన పడుతుంటే డ్రిప్పు వేశాడని పక్క తోటవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.